ఒకే కలం, రెండు లేఖలు

స్టీఫెన్ ఎలాప్ నోకియా అధిపతిగా 2011 ఫిబ్రవరిలో ఉద్యోగులకు ఒక లేఖ రాశారు. ఆ కంపెనీ ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నాక, అక్కడి నుంచి 2014 జూలై 17న మరొకటి రాశారు. రెండూ వరసగా చదివితే రాసింది ఒకరేనంటే నమ్మబుద్ధి కాదు.

మొదటిది కథ. ఉత్తర సముద్రంలో ఆయిల్ రిగ్ మీద నిద్రపోతున్న మనిషి పేలుడు చప్పుడుకు లేస్తాడు. చుట్టూ మంటలు, కింద గడ్డకట్టించే నీళ్లు. దూకేస్తాడు. మనం నిలబడ్డ చోటూ అలాగే తగలబడుతోంది, అందులో పెట్రోలు పోసిందీ మనమే అంటారు ఎలాప్. ఐఫోన్ 2007లో వచ్చింది, దాని దరిదాపుల్లోకి వచ్చే ఫోను మన దగ్గర ఇప్పటికీ లేదంటారు. మనం పవర్‌పాయింట్‌కు మెరుగులు దిద్దేలోపు చైనావాళ్లు ఫోనే తయారుచేసేస్తున్నారన్న ఒక ఉద్యోగి ఎత్తిపొడుపునూ దాచుకోలేదు. లేఖ బయటికి పొక్కింది. దుకాణాల్లో ఉన్న సొంత సరుకును యజమానే తీసిపారేశాడన్న నింద వచ్చింది. ఆ నింద అన్యాయమేమీ కాదు.

రెండోది "హలో దేర్" అంటూ మొదలవుతుంది. ఆపైన ఉత్పాదకత, డిజిటల్ జీవితం, డిజిటల్ పని, వ్యూహం, సమన్వయం... పేరాలు గడుస్తాయి గాని విషయం రాదు. వచ్చినప్పుడూ తలుపు చాటు నుంచే: ఈ మార్పుల ఫలితంగా సుమారు 12,500 మంది తగ్గుతారని అంచనా అట! తీసేసేది ఎవరో వాక్యంలో కనబడరు. వెళ్లేవారికి పరిహారం ఇస్తామని ఒక ముక్క చెప్పి, వెంటనే టాబ్లెట్ల ఊసు ఎత్తుకుంటుంది లేఖ. ఇల్లు గడవడం ఎలాగో తెలియని మనిషికి ఆ పూట టాబ్లెట్ల సంగతెందుకు?

అదే రోజు మైక్రోసాఫ్ట్ అధిపతిగా మన హైదరాబాద్ సత్య నాదెళ్ల పంపిన లేఖలోనూ ఈ బాపతు పదాలకు కొదవలేదు. అయినా ఆ 12,500 కలుపుకుని 18,000 దాకా ఉద్యోగాలు పోతాయని ఆరంభంలోనే చెప్పేశారు.

తప్పు కంపెనీదైనప్పుడు అంత సూటిగా రాసిన చెయ్యి, ఉద్యోగం పోయేది చదివేవాడికే అయ్యేసరికి వంకర్లు పోయింది. చేతకాక కాదు, 2011 లేఖే అందుకు సాక్ష్యం.

విజయాలు పెరుగుతాయన్న భరోసాతో రెండో లేఖ ముగిసింది. 2015 జూన్‌లో ఎలాప్ నిష్క్రమణను ప్రకటించారు. జూలైలో మైక్రోసాఫ్ట్ మరో 7,800 దాకా ఉద్యోగాలు తీసేస్తామని చెప్పి, నోకియా ఫోన్ల కొనుగోలు కింద సుమారు 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకుంది.