ఒక్క 'ఫ్లాట్', మన ఇళ్ళలోని పది మాటలు

ఇంగ్లీషులో 'ఫ్లాట్' చిన్న మాట. మిట్టపల్లాలు లేని నేల ఫ్లాట్. అణిగివున్న ముక్కు ఫ్లాట్. గాలి పోయిన టైరూ, గ్యాసు పోయిన సోడా, శ్రుతికి అందని గొంతూ, కదలిక లేని బజారు ధరా అన్నీ ఫ్లాటే. ఆ భాషకు అది సౌకర్యం. అందులో తప్పుపట్టవలసింది లేదు. చిక్కు వచ్చేది ఆ మాటను మనం తెలుగు చేసే పద్ధతిలో. ద్విభాషా నిఘంటువు తెరిస్తే ముందుగా ఎదురయ్యేవి 'చదునైన', 'సమతలమైన' అనే రెండు మాటలు. విద్యార్థి సాధారణంగా అక్కడే ఆగిపోతాడు. ఈ వ్యాసంలో మేము విమర్శకు తీసుకున్నది ఆ ఆగిపోవడాన్నే.

ముందు 'చదును' సంగతి చూద్దాం. ఇది ప్రధానంగా నేలకూ పనికీ సంబంధించిన మాట. దమ్ము చేసిన మడిని చెక్కతో చదును చేస్తారు. ఇల్లు కట్టబోయే స్థలాన్ని చదును చేస్తారు. ఆ మాట వెనక ఒక మనిషి చేతిపని కనిపిస్తుంది. దానికి ఎదురుగా మెరక, పల్లం అనే జంట వుంటుంది. ఎవరూ పని చేయకుండానే కనుచూపు మేర పరుచుకున్న నేలను వర్ణించాలంటే తెలుగువాడి నోట 'బల్లపరుపు' వస్తుంది. బల్ల పరిచినట్టున్న నేల అని దాని భావం. రైతుకు ఒకటి చేయవలసిన పని, రెండవది కంటికి కనిపించే రూపం. 'సమతలం' ఈ రెండింటికీ చెందదు. అది రేఖాగణితంలోనూ భౌతికశాస్త్రంలోనూ తన పని తాను చక్కగా చేస్తుంది. దాన్ని పొలంలోకి దింపితేనే ఎబ్బెట్టు.

వస్తువుల దగ్గరికి వస్తే మన భాష పద్ధతి ఇంకా స్పష్టపడుతుంది. ఇంగ్లీషు ఒక విశేషణాన్ని తెచ్చి ప్రతి వస్తువు ముందూ నిలబెడుతుంది. తెలుగు చాలాచోట్ల ఆ గుణాన్ని నామవాచకంలోనే ఇముడ్చుకుంటుంది. చిన్నదిగా, చాలావరకు గుండ్రంగా వుంటే బిళ్ళ: రూపాయి బిళ్ళ, మందు బిళ్ళ, తొక్కుడు బిళ్ళ. పలచగా వుంటే రేకు: ఇనప రేకు, పూరేకు. బిరుసుగా, వెడల్పుగా వుంటే పలక. చీల్చినదో కోసినదో అయితే బద్ద: వెదురు బద్ద, మామిడి బద్ద. బరువైన రాయి అయితే బండ. వీటిలో ఏ ఒక్కదాని ముందూ 'చదునైన' అని చేర్చనక్కర లేదు. పైగా ఇంగ్లీషు మాట చెప్పని మందం, పరిమాణం, చేసిన తీరు ఇవి చెబుతాయి. 'చదునైన గుండ్రని చిన్న వస్తువు' అని అనువాదం రాసిన విద్యార్థికి 'బిళ్ళ' తెలియదని కాదు. పరీక్షలో అది పనికివస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

బండ అనగానే ఇంకొక సంగతి గుర్తుచేయాలి. తెలుగు ఇళ్ళలో నేలకు పరిచే షాబాదు బండలకు ఆ పేరు కర్ణాటకలోని కలబురగి జిల్లా షాబాదు వల్ల వచ్చింది. మహారాష్ట్ర ఇళ్ళలో వంటింటి గట్టు మీద పరిచే నల్లరాతిని మరాఠీవారు 'కడప్పా' అంటారు. అది మన కడప. రాయి సరిహద్దు దాటినప్పుడు వూరి పేరు వెంట తీసుకుపోయింది. సోలాపూరులోని తెలుగు విద్యార్థికి ఇది పుస్తకంలో చదివే భాషాశాస్త్రం కాదు, తన వంటింటి సంగతి.

మనిషి పడుకోవడం కూడా అంతే. ఇంగ్లీషులో 'ఫ్లాట్‌గా' పడుకున్నాడంటే వీపు మీదనో పొట్ట మీదనో విడిగా చెప్పాలి. తెలుగులో ముందే తేల్చుకోవాలి: వెల్లకిలా, లేదా బోర్లా. ఈ వివరం మూలంలో లేకపోతే అనువాదకుడు సందర్భం చదివి నిర్ణయించాలి. నిఘంటువు ఆ పని చేసిపెట్టదు.

ఇక మేము ముఖ్యమనుకునే మాట 'చప్ప'. ఉప్పు లేని కూర చప్పన; పథ్యం తిండి చప్పిడి; అణిగిన ముక్కు చప్పిడి ముక్కు. రుచిలో లేమినీ ఆకారంలో అణకువనూ వాడుక ఒకే మాటలో కలిపింది. ఇంగ్లీషు 'ఫ్లాట్' కూడా సరిగ్గా ఈ రెంటినీ కలుపుతుంది గనుక, ఇంతవరకు మనం వెతుకుతున్న సమానార్థకం ఒక మేరకు ఇంట్లోనే వుందన్నమాట. చుట్టూ చూడండి. కన్నడంలో అణిగినది 'చప్పటె', ఉప్పు లేనిది 'సప్పె'. తమిళంలో 'సప్పై', 'సప్పట్టై' వున్నాయి. ఒడియాలో 'చెపటా', మరాఠీలో 'చపటా' వినిపిస్తాయి. తెలుగులోనూ 'చప్పట' వుంది.

ఇక్కడే మన విద్యార్థులకు నష్టం జరుగుతున్నది. కోలారులోనో హోసూరులోనో ఒక పిల్ల 'చప్పటగా వుంది' అని రాస్తే, అది కన్నడమని కొట్టివేసి పైన 'చదునుగా' అని దిద్దడం తేలిక. బరంపురం పిల్లవాడి మాటను ఒడియా అనీ, కోయంబత్తూరు పిల్లవాడి మాటను తమిళమనీ అనుమానించడం అంతకంటే తేలిక. పక్క భాషలో పోలిక వున్నంత మాత్రాన ఒక మాట అరువు తెచ్చుకున్నది కాదు. ద్రావిడ భాషలకు వుమ్మడి ఆస్తి చాలా వుంది. ఆ ఆస్తిలో వాటా వున్నవాడిని దొంగ అనకూడదు. నిజంగా అరువు తెచ్చుకున్న మాటే అయినా, నాలుగు తరాలుగా ఇంట్లో వాడుకలో వుంటే అది ఆ ఇంటి తెలుగే. ఎర్రసిరాతో దిద్దినప్పుడు పోయేది ఒక మార్కు మాత్రమే కాదు. తన అమ్మమ్మ మాట్లాడేది సరైన భాష కాదని ఆ పిల్లకు తెలియజేసినట్టవుతుంది.

సాహిత్య విమర్శలో ఇదే మాట మరో రూపంలో వస్తుంది. ఇ.ఎం. ఫార్స్టర్ 1927లో వెలువడిన తన నవలా ప్రసంగాల గ్రంథంలో పాత్రలను 'ఫ్లాట్', 'రౌండ్' అని రెండుగా విభజించాడు. ఒకే భావం చుట్టూ అల్లినది, ఒక్క వాక్యంలో చెప్పదగినది మొదటి రకం. దీన్ని 'చప్పని పాత్ర' అంటే ఫార్స్టర్ అనని నింద వేసినట్టు అవుతుంది. అటువంటి పాత్రను పాఠకుడు చూడగానే గుర్తుపడతాడనీ, తరువాత మరచిపోడనీ అతను మెచ్చుకున్నాడు కూడా. 'చదునైన పాత్ర' అంటే ఎవరికీ ఏమీ బోధపడదు. కన్యాశుల్కంలోని లుబ్ధావధాన్లును తీసుకోండి. పిసినారితనం అతని పేరులోనే వుంది. గిరీశం వంటి పాత్ర పక్కన పెడితే అతను ఫార్స్టర్ చెప్పిన మొదటి రకానికే దగ్గర. కాని చప్పనివాడని ఎవరనగలరు? అందువల్ల ఇక్కడ 'ఏకగుణ పాత్ర' అనడం మంచిదని మా అభిప్రాయం. మూలంలోని బొమ్మ పోయినా భావం నిలుస్తుంది.

కొత్త వస్తువుల విషయంలో జనం పండితుల కోసం ఆగలేదు. టైరులో గాలి పోయింది, పంచరయింది అన్నారు. ఎంత దూరానికైనా ఒకే రేటు అన్నారు. గాయకుడు శ్రుతి తగ్గాడన్నారు. మొహమాటం లేకుండా కాదన్నవాడు ఖరాఖండిగా చెప్పాడన్నారు. గోదావరి పాయల మీద మనుషులనూ బండ్లనూ దాటించే, అడుగు చదునైన పెద్ద పడవను 'పంటు' అన్నారు. యానాం విద్యార్థులకు ఆ మాట కొత్త కాదు. ఇవన్నీ మంచి అనువాదాలే, ఎవరూ అనువాదమని అనుకోకపోయినా.

ఒక్క 'ఫ్లాటు' మాత్రం ఇల్లయి కూచుంది. అంతస్తుల భవనంలోని వాటాను ఫ్లాటు అనీ, ఖాళీ స్థలాన్ని ప్లాటు అనీ రాస్తాం. పలకడంలో చాలామందికి రెండూ ఒకటే. కొనేవాడికి మాత్రం ఒక్క అక్షరం తేడాలో ఇల్లూ నేలా తారుమారవుతాయి. ఈ ఇంగ్లీషు మాట అంతస్తు అనే అర్థమున్న పాత మాట నుంచి వచ్చింది గనుక దీన్ని 'చదును' వైపు లాగడం ఎలాగూ కుదరదు. దీన్ని ఇలాగే వుండనిద్దాం. ఎరువు మాటల మీద మాకు కోపం లేదు. వున్న మాటను వదులుకోవడం మీదనే మా ఫిర్యాదు.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశాన్ని ప్రచురించింది. 1971లో చేనేత పదకోశం వచ్చింది. పని చేసేవారి దగ్గరికి పోయి వారి మాటలను అడిగి రాసుకోవడం ఆ కోశాల పద్ధతి. అయితే ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలది. బళ్ళారి, హోసూరు, రాయగడ, సోలాపూరు తెలుగు అందులోకి రాలేదు. ఆ లోటు తీర్చడానికి తగినవారు ఈ పుటలు చదువుతున్న విద్యార్థులే.

ఇంట్లో పెద్దవాళ్ళను 'చదునైన' అంటే ఏమిటని అడగవద్దు. పెనాన్నీ పళ్ళేన్నీ మిద్దెనూ చేటనూ చూపించి, ఇది ఎలా వుందని అడగండి. వారు చెప్పింది చెప్పినట్టు, పలికిన తీరులోనే రాసుకోండి. పక్కన వూరి పేరు రాయండి. అది ఏ భాష మాట అన్న విచారణ తరువాత జరగవచ్చు. ముందు మాట దక్కాలి.