కఫ్ మీద ఒక కన్ను
(ముందుమాట)

ఐసీయూ నర్సుల కోసం తెలుగులో పుస్తకం రాస్తున్నానని మా సీతారామపురం అమ్మాయి చెప్పినప్పుడు, ఏ ఇంగ్లిషు పాఠ్యపుస్తకాన్నో తెలుగులోకి దించుతుందనుకున్నాను. చేతికొచ్చిన రాతప్రతి అలా లేదు. వెలిగొండల అంచున ఉన్న మా మండలం నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్ల పైమాటే. ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో మొదటి వైద్యం అంది, 108లో అంత దూరం ప్రాణాలతో చేరిన మనిషి, తీరా వెంటిలేటరు మీద ఉండగా పట్టుకున్న న్యుమోనియాతో పోకూడదన్న పట్టుదల ఇందులో పేజీ పేజీకీ కనిపించింది.

మా మెట్ట ప్రాంతంలో వెంటిలేటరు అవసరమయ్యేవాళ్లలో కట్లపాము కరిచినవాళ్లు, పురుగుమందు తాగినవాళ్లు ఉంటారు. కట్లపాము విషం నరాల కొసలను దెబ్బతీస్తుంది. విరుగుడు ఇచ్చినా అవి కోలుకోవడానికి రోజులు పడుతుంది. అంతదాకా మిషను ఊపిరి అందిస్తే మనిషి లేచి తన పొలానికి తాను వెళ్తాడు. పురుగుమందు కేసులో నోట్లో చొంగ, ఛాతీలో తెమడ ఊరుతూనే ఉంటాయి. ఆ చొంగ ఎక్కడికి పోతుందన్న ప్రశ్నతో రచయిత్రి పుస్తకం మొదలుపెట్టింది. అసలు విషయమంతా అక్కడే ఉంది.

నోట్లోంచి శ్వాసనాళంలోకి వేసే గొట్టం చివర చిన్న బుడగ ఉంటుంది. అదే కఫ్. 1928లో అమెరికాలో గుడెల్, వాటర్స్ అనే మత్తు వైద్యులు కఫ్ ఉన్న గొట్టాన్ని పరిచయం చేశారు. గుడెల్ తన కుక్కకు మత్తిచ్చి, ఆ గొట్టం వేసి, నీళ్ల తొట్టిలో ముంచి, చుక్క నీరు కూడా లోపలికి దిగలేదని చూపాడు. అయితే ఆనాటి కఫ్‌లు గట్టిగా ఒత్తి శ్వాసనాళాన్ని పుండు చేసేవి. అందుకే 1970లలో తక్కువ ఒత్తిడితో పెద్దగా ఉబ్బే కఫ్‌లు వాడుకలోకి వచ్చాయి. పుండ్లు తగ్గాయి కానీ, పెద్ద బుడగ ఇరుకు నాళంలో ముడతలు పడింది. కఫ్ పైన నిలిచిన చొంగ, క్రిములతో సహా, ఆ ముడతల సందుల్లోంచి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. గొట్టం వేసి 48 గంటలు దాటాక వచ్చే న్యుమోనియాకు ఇదే పెద్ద దారి.

పుస్తకంలో నాకు బాగా నచ్చింది కఫ్ ఒత్తిడి అధ్యాయం. అది 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉండాలి. తగ్గితే చొంగ జారుతుంది, మించితే నాళానికి రక్తం అందదు. బయట వేలాడే చిన్న బెలూనును వేళ్లతో నొక్కి ‘గట్టిగానే ఉందిలే’ అనుకోవడం వార్డుల్లో అలవాటు. వేలికి పాతికకూ యాభైకీ తేడా తెలియదు. ఒత్తిడి కొలిచే మీటరు తగిలించేటప్పుడు కొంత గాలి దాన్లోకి పోతుంది కనుక, తీసేముందు మళ్లీ సరిచేయాలని కూడా రాసింది. రాత్రి డ్యూటీ చేసిన చెయ్యి రాస్తే తప్ప ఆ వాక్యం పుస్తకంలోకి రాదు.

ఖరీదైన గొట్టాల విషయంలో ఈమె తూకం తప్పలేదు. వెండిపూత గొట్టంతో న్యుమోనియా 7.5 శాతం నుంచి 4.8 శాతానికి తగ్గిందని 2008లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. మరణాలు మాత్రం తగ్గలేదు. ఆ రెండో మాటను అమ్మేవాళ్లు చెప్పరు, ఈమె చెప్పింది. కఫ్ పైన చేరిన చొంగను పీల్చేందుకు విడిగా సన్నని దారి ఉన్న గొట్టాన్ని, రోజుల తరబడి వెంటిలేటరు మీద ఉంటారనుకున్న వాళ్లకు వాడమంది. ఆ దారి తెమడతో పూడుకుపోతుందని, దాన్ని చూసుకోకపోతే అది మామూలు గొట్టంతో సమానమేనని హెచ్చరించింది.

తలవైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తడం, మత్తు తగ్గించి రోజూ మెలకువ చూడడం, వీలైనంత త్వరగా గొట్టం తీసేయడం, చేతులు కడుక్కోవడం: వీటికి కొత్త గొట్టం అక్కర్లేదు. క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు తుడవడం కంటే బ్రష్షుతో పళ్లు తోమడం మేలని 2022 అమెరికా సూచనలు అంటున్నాయి. పాత పద్ధతికి అలవాటు పడ్డ సీనియర్లు నొచ్చుకుంటారని ఈ మాటను దాచనందుకు అమ్మాయిని మెచ్చుకుంటున్నాను.

ఒక్క లోటు కనిపించింది. మంచం పక్క బంధువులకు ఏం చెప్పాలో ఇందులో లేదు. ‘మెడ నొప్పెడుతుందేమో, కాస్త తల దించమ్మా’ అని తల్లి బతిమాలితే కొత్త నర్సు ఏమనాలి? మలి ముద్రణలో ఆ నాలుగు పేజీలూ చేర్చాలి.

మత్తు డాక్టర్లం గొట్టం సరిగ్గా దిగిందా, రెండు వైపులా గాలి వినబడుతోందా అని చూసి థియేటరుకు వెళ్లిపోతాం. తెల్లవార్లూ దాన్ని కాచుకునేది నర్సు. ఈ పుస్తకం రాసే హక్కు మాకంటే ఆమెకే ఎక్కువ. ఆసుపత్రి పెద్దలకు నాదొక మనవి: పుస్తకం కొని, కఫ్ మీటరు కొనకపోతే లాభం లేదు. రెండూ కొనండి. చిరంజీవికి నా ఆశీస్సులు.