రెండు బాణీలు, ఒకే సాధన

పలురీతులు నేర్చిన సంగీతజ్ఞుని లోకము మెచ్చుకొనును. కాని ఏ ఒక్క రీతికిని చెందినవానిగా లెక్కింపదు. అమెరికా దేశపు స్వరకర్త కోల్‌రిడ్జ్-టేలర్ పెర్కిన్సన్ (1932–2004) జీవితము ఇందుకు దృష్టాంతము.

నల్లజాతీయుడగు ఇతనికి ఆఫ్రికా సంతతివాడైన ఆంగ్ల స్వరకర్త సామ్యూల్ కోల్‌రిడ్జ్-టేలర్ పేరే పెట్టబడినది. న్యూయార్కులోని మాన్‌హట్టన్ సంగీత విద్యాలయమున పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమును క్రమముగా అభ్యసించి, 1954 నాటికి ఉన్నత పట్టమును పొందెను. మాక్స్ రోచ్ జాజ్ బృందమున పియానో వాయించెను. 1965లో, నల్లవారును తెల్లవారును సరిసమానముగా కూర్చుండి వాయించు ‘సింఫనీ ఆఫ్ ది న్యూ వరల్డ్’ అను వాద్యబృందమును స్థాపించినవారిలో ఒకడయ్యెను. నల్లవారి ప్రార్థనాగానము నుండియు, బ్లూస్ నుండియు పుట్టిన జనరంజక రీతి ‘సోల్’. ఆ రీతిలో మేటి గాయకుడైన మార్విన్ గే 1976లో వెలువరించిన ‘ఐ వాంట్ యు’ గీతసంపుటికి ఇతడు వాద్యరచన చేసియుండెను.

ఈ పట్టికను మాత్రమే చూచినవారికి ఇతడు నిలుకడలేనివాడని తోచవచ్చును. రచనలను వినినచో ఆ అభిప్రాయము నిలువదు.

తంత్రీవాద్యములకై యౌవనమున రచించిన మొదటి ‘సింఫోనియెట్టా’లో పాండిత్యము మెండు. పలు స్వరపంక్తులను ఒకేమారు నడిపించు నేర్పు అచ్చట స్పష్టము. అయినను అందు గురుకులపు గాంభీర్యము ఎక్కువ, సొంత గొంతు తక్కువ. చివరి భాగపు వేగము మనలను ఆశ్చర్యపరచునే గాని వెంటాడదు.

1956 నాటి మొదటి తంత్రీ చతుష్టయమునకు ‘కాల్వరీ’ అను భక్తిగీతము ఆధారము. బానిసత్వపు దినములనుండి నల్లవారు పాడుకొనుచు వచ్చిన గీతజాతి అది. ఆ గీతమునే 1973లో ఒంటరి చెల్లో కొరకు రచించిన ‘లామెంటేషన్స్’లో మరల చేపట్టెను. వాదకుడు కమానును విడిచి, వ్రేళ్లతో తీగలను మీటుచు, ఒకే చిన్న స్వరపంక్తిని పలుమారులు తిప్పుచుండగా, దానిపై గీతము నడచును. చతుష్టయమున నలుగురు మోసిన భారమును ఇచ్చట ఒక్కడు మోయుచున్నాడు. శాస్త్రము తగ్గలేదు; ఆడంబరము తగ్గినది.

1972 నాటి ‘బ్లూస్ ఫార్మ్స్’ ఒంటరి వయోలిన్ రచన. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో స్థిరసభ్యత్వము పొందిన తొలి నల్లజాతి వాదకుడగు శాన్‌ఫర్డ్ ఆలెన్ కొరకు రచింపబడినది. గాంధార నిషాదములను కొంచెము దిగజార్చి పలికించు బ్లూస్ లక్షణము ఇందు అలంకారము కాదు, ప్రాణము. జనరంజక గానము నుండి ఇతడు గ్రహించినది ఈ గొంతుకనే. విద్యాలయము నుండి గ్రహించినది దానిని నిలుపు కట్టడమును. రెంటిని ప్రక్కప్రక్కన పేర్చుట సులభము. ఒక్క తీగపై ఏకము చేయుటలోనే ఇతని గొప్పతనమున్నది.

పెర్కిన్సన్ 2004లో చికాగో నగరమున మరణించెను. మరుసటి సంవత్సరము అచ్చటి సెడిల్ సంస్థ ఇతని రచనలను ఒక సంపుటిగా వెలువరించినది. ఇంట నొకభాష, వీథిలో వేరొకభాష పలుకుచు పెరిగిన మన పిల్లలను ‘ఇందులో నీ భాష ఏది?’ అని అడుగువారు గలరు. అట్టి ప్రశ్న ఇతనికిని ఎదురై యుండవచ్చును. సమాధానము కావలసినవారు మొదట ఆ చెల్లో రచనను, పిదప చతుష్టయమును వినవలెను.