డిస్కులోంచి పద్యం

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు చాలా ఇళ్లలో పాత బీరువా తెరిస్తే పెళ్లి ఆల్బం పక్కన నాలుగైదు డిస్కులు కనిపిస్తాయి. కొన్ని పెళ్లివి, కొన్ని తిరునాళ్లలో ఆడిన పద్యనాటకాలవి. పెళ్లిళ్లు తీసే వీడియోగ్రాఫర్‌నే పిలిపించి, తెల్లవార్లూ జరిగిన నాటకాన్ని ఊరివాళ్లు తీయించుకున్నవి. 1970లో కొత్త జిల్లాలో కలిసేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లావి. అటు సీమ, ఇటు గుంటూరు, రెండువైపుల పద్యం రుచీ ఇక్కడివాళ్లకు తెలుసని నా నమ్మకం.

ఆ డిస్కుల్లో బొమ్మ అంతంతమాత్రం. ఫోకస్ లైటు పడి కృష్ణుడి కిరీటం తెల్లటి ముద్దలా ఉంటుంది. విలువంతా గొంతులో, హార్మోనియంలో ఉంది. నా దగ్గరికి డిస్కు పట్టుకొచ్చేవాళ్లూ అదే అడుగుతారు. “బొమ్మ ఎట్టా ఉన్నా ఫర్లేదన్నా, మా నాయన పద్యాలు ఇనబడితే చాలు” అన్నాడొకాయన.

వినబడేలా చేయడం తేలికే. ఏదో ఒక కన్వర్టర్‌లో వేస్తే పది నిమిషాల్లో ఎంపీ3 వస్తుంది. నాకు నచ్చనిది ఆ తొందరే. డీవీడీలో ధ్వని చాలావరకు డాల్బీ ఏసీ-3 రూపంలో, అంటే అప్పటికే కొంత వదిలేసి కుదించిన రూపంలో ఉంటుంది. దాన్ని మళ్లీ 128 కేబీపీఎస్ ఎంపీ3గా కుదిస్తే పిండిన చెరుకును మళ్లీ గానుగలో పెట్టినట్టే. అసలు కుదించని పీసీఎం ధ్వని డీవీడీలో పెట్టొచ్చు. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్లు. గంటకు 690 ఎంబీ దాకా తింటుంది. 4.7 జీబీ డిస్కులో వీలైనంత నాటకం పట్టించాలనుకున్న వీడియోగ్రాఫర్ అంత చోటు ధ్వనికి ఎందుకిస్తాడు?

అందుకే ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు బయటికి తీయాలి. డీవీడీలో ఉండే వీఓబీ ఫైలు ఒక్కోటి 1 జీబీ దాటదు కాబట్టి నాటకం ముక్కలుగా ఉంటుంది. ఆ కోత ఆలాపన నడిమధ్యలో పడొచ్చు. ముక్కకో ఎంపీ3 చేసి తర్వాత అతికిస్తే సరిగ్గా అక్కడే టక్కుమంటుంది. ముక్కలన్నీ వరసగా కలిపాకే ధ్వనిని విడదీయాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ‘కాపీ’ అని చెబితే ఏసీ-3ని విప్పకుండా, మళ్లీ కుదించకుండా అలాగే తీసి ఇస్తుంది. అదే మన మూలప్రతి. ఇక దాని మీద చెయ్యి వేయకూడదు.

శుభ్రం చేయడానికి దాన్నుంచి వేవ్ ఫైలు తీసేటప్పుడు ఒకటి చూసుకోవాలి. పెద్ద శబ్దాలను అణచి చిన్నవాటిని లేపమనే సూచనలు ఏసీ-3లో ఉండొచ్చు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మనం వద్దనకపోతే వాటిని పాటిస్తుంది. మాటల సినిమాకు అది మేలేమో. సన్నగా మొదలై తారస్థాయికి ఎక్కే రాగాన్ని మాత్రం చదును చేస్తుంది. ఆ సూచనలను ఎంత పాటించాలో చెప్పే డీఆర్‌సీ విలువను సున్నా చేసి చూడండి, గొంతు ఎక్కడ లేచిందో తెలుస్తుంది.

ఇంకోటి ఇంతకన్నా ముఖ్యం. కొన్ని రికార్డింగుల్లో ఒక చానల్లో మైకుసెట్టు మిక్సర్ నుంచి తీసిన లైను ఉంటుంది, రెండోదాంట్లో కెమెరా మైకు. రెండూ కలిపేస్తే పద్యం డబ్బాలోంచి పాడినట్టుంటుంది. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. స్టేజీకి 30 మీటర్ల దూరాన కెమెరా ఉంటే, దాని మైకుకు పద్యం సెకనులో పదోవంతుకు కాస్త తక్కువ ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా చెవికి తెలుస్తుంది. కాబట్టి చానళ్లు విడగొట్టి, లైను ఉన్నదాన్నే పద్యానికి వాడతాను. కెమెరా మైకును పారేయను. వన్స్‌మోర్‌లు, ఈలలు, ముందు వరుసలోని ముసలాయన ‘భళా’ అనడం, అన్నీ అందులోనే ఉన్నాయి.

వీసీడీని తక్కువగా చూడొద్దు. బొమ్మ 352 × 288 చుక్కలే అయినా ధ్వని 224 కేబీపీఎస్ లేయర్-2, సెకనుకు 44,100 నమూనాలు. పద్యానికి అది చాలు.

డిస్కే చదవకపోతే? మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడవకూడదు. ఇంకో డ్రైవులో పెట్టి చూడాలి. ఒకదానికి లొంగనిది మరోదానికి లొంగుతుంది. డీవీడీకైతే జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఉంది. బాగున్న భాగాలు ముందు తీసి, తర్వాత గీతలున్న చోట్లకు తిరిగొస్తుంది. ఇంట్లో రాసుకున్న డిస్కుల్లో సమాచారం నిలిచేది రసాయన రంగుపొర మీద. ఎండ, వేడి దాని శత్రువులు. మార్కాపురం వేసవిలో రేకుల ఇంటి అటక మీద డిస్కు దాచినవాళ్లు ఆలస్యం చేయొద్దు.

ఇదంతా మనవాళ్లు తీయించుకున్న డిస్కుల సంగతి. తాళం వేసి అమ్మే సినిమా డిస్కుల జోలికి నేను పోను.

చివరికి మూడు ఫైళ్లవుతాయి. డిస్కులోంచి వచ్చిన మూలం, శుభ్రం చేసింది ఫ్లాక్‌లో, ఫోన్లో వినడానికి ఎంపీ3. ఫ్లాక్ చేసినంత మాత్రాన పోయిన నాణ్యత తిరిగి రాదు, ఉన్నది ఇక తగ్గదంతే. ఆ తర్వాత ఫైలు పేరు దగ్గర చెయ్యి ఆగుతుంది. డిస్కు మీద ‘నాటకం–2’ అని మాత్రమే ఉంటుంది. కృష్ణుడెవరు, అర్జునుడెవరు, హార్మోనియం ఎవరిది, ఏ ఊరు, ఏ సంవత్సరం? ఆ రాత్రి స్టేజీ ఎక్కినవాళ్లలో ఒక్కరున్నా వాళ్ల దగ్గర కూర్చుని, ఫైలు వినిపిస్తూ, ఏ గొంతు ఎవరిదో రాసుకోవాలి.