సద్ది కట్టేదెవరు?

ఎండకాలం సెలవులొస్తే మన దగ్గర దేవుడి దర్శనం, పిల్లల ఆటవిడుపు ఒకే ప్రయాణంలో కలిసిపోతాయి. తెలంగాణ బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. ఈ ఏడు వారాల్లో ఏదో ఒకరోజు జగిత్యాల వాళ్లు కొండగట్టుకో, కోరుట్ల వాళ్లు ధర్మపురి గోదావరికో, సిరిసిల్ల వాళ్లు వేములవాడకో పోయివస్తారు. దూరాలు పెద్దవి కావు. జగిత్యాల నుంచి కొండగట్టు పదిహేను కిలోమీటర్లు, ధర్మపురి ముప్పై లోపే. సిరిసిల్ల నుంచి వేములవాడ పన్నెండు పదమూడు. పొద్దుగాల పోతే చీకటి పడేసరికి ఇల్లు చేరొచ్చు. ఇంత దగ్గర కాబట్టే దీన్ని ఎవరూ ప్రయాణం కింద లెక్కవేయరు. ప్రయాణాన్నే లెక్కవేయనప్పుడు దాని వెనక ఇంట్లో జరిగే పని అసలే లెక్కకు రాదు. ఒక్క పూట బయటికి పోవడానికి ఇంటిని సిద్ధం చేయడం తరాలుగా నేర్చుకున్న విద్య అని నేను నమ్ముతాను. ఆ విద్య ఇంట్లో ఒక్క మనిషి తలలోనే ఉండిపోయినన్నాళ్లు ఆ మనిషికి మాత్రం విహారం లేదన్నదే ఈ వారం నేను చెప్పదలచుకున్న మాట.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. రానుపోను ఛార్జీ లెక్క చూసుకొని ఆగిపోయిన ఇళ్లు ఇప్పుడు ఆధార్ కార్డు చేతిలో పట్టుకొని బస్సెక్కుతున్నాయి. ఇది నిజంగా పెద్ద మార్పు. అయితే ఛార్జీ తీరినా పొద్దు చాలని బాధ తీరలేదు. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పని మీద పెడుతున్నట్టు తేలింది. 2024లో మళ్లీ అడిగితే 289, 88 అని వచ్చింది. ఐదేళ్లలో ఇద్దరికీ కొంచెం తగ్గింది గానీ, మధ్యనున్న తేడా తగ్గింది ఒక్క నిమిషమే. పైగా ఇది అన్ని రోజులనూ కలిపి తీసిన సగటు. రేపు పిల్లాపెద్దలతో బస్సెక్కాలంటే ఈ రాత్రి వంటింట్లో ఎంతసేపు దీపం వెలుగుతుందో అందులో విడిగా కనబడదు.

మన ఊళ్లలో ఆ రాత్రికి ఇంకో బరువు కూడా తోడవుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వాడకట్టుల్లో చాలామంది ఆడవాళ్లకు బతుకుదెరువు బీడీల చాట. బీడీ కూలి వెయ్యింటికి ఇంత అని లెక్క. చుట్టని రోజుకు పైసా రాదు. రేపు ధర్మపురి పోవాలంటే రేపటి బీడీల్లో కొన్నయినా ఈ రాత్రే చుట్టి, ఇరవై ఐదింటికొక కట్ట చొప్పున కట్టి పెట్టుకోవాలి. తంబాకు ఘాటు పట్టిన ఆ వేళ్లనే సబ్బుతో రుద్దిరుద్ది కడుక్కొని, అప్పుడు చింతపండు పిసకాలి. సిరిసిల్లలో సాంచాలు నడిచేది పన్నెండేసి గంటల షిఫ్టుల మీద. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషికి పొద్దటి నిద్రే నిద్ర. ఆయన నిద్ర చెడకుండా, పిల్లలు అల్లరి చేయకుండా, బస్సు దాటిపోకుండా ముగ్గురి గడియారాలను ఒక్కచోట కలిపే బాధ్యత కూడా కండెలు చుట్టే ఆ ఇల్లాలిదే. కూలి పోగొట్టుకొని, నిద్ర పోగొట్టుకొని ఆమె కొనుక్కున్న రోజు అది. ఆ రోజు ఆమెకూ దక్కాలి కదా.

ఇక ఆ విద్య సంగతి. పొలానికి పోయేవాళ్లు, జాతరకు బండి కట్టేవాళ్లు తరతరాలుగా కట్టుకున్న సద్దిని చూస్తే ఎండకాలాన్ని మనవాళ్లు ఎంత బాగా చదివారో తెలుస్తుంది. పులిహోరనే తీసుకుందాం. అన్నం పలుకు మీదుండగానే దించి వెడల్పాటి బేషన్లో పరుస్తారు. పసుపు, నూనె వేసి, మెతుకు విరగకుండా గరిటె అంచుతో విడదీస్తారు. ఆవిరి పూర్తిగా పోయేదాకా మూత జోలికే పోరు. పులుసు నూనె పైకి తేలేదాకా ఉడికి, అన్నం చేతికి చల్లగా తగిలినప్పుడే రెండూ కలుస్తాయి. ఇందులో ఏ మెట్టు దాటేసినా ఫలితం పదకొండు గంటలకల్లా తెలిసిపోతుంది. వేడివేడిగా డబ్బా మూస్తే మూత లోపల చెమ్మ పడుతుంది. అది చుక్కలుగా మళ్లీ అన్నం మీదికి జారి పైపొర జిగటెక్కుతుంది. శాస్త్రం చెప్పేదీ ఇదే. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చటి తేమలో గంటల తరబడి ఉంటే అవి మేలుకొని విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే వండిన పదార్థాన్ని గంటకు మించి బయట ఉంచొద్దని అమెరికా వ్యవసాయ శాఖ జాగ్రత్త చెబుతుంది. జగిత్యాల జిల్లాలో మే నెలలో 45 దాటే రోజులుంటాయి. పులుపు ఆ సూక్ష్మజీవుల జోరును తగ్గిస్తుంది కాబట్టే దూరప్రయాణాలకు పులిహోర నిలబడింది. అట్లని సాయంత్రం దాకా దాచుకోవడం మాత్రం తప్పు, పొద్దున కలిపింది పగటి భోజనంలోనే అయిపోవాలి.

పెరుగన్నం తీరు ఇంకా ముచ్చటైనది. పులిసిన పెరుగు కలుపుకొని పోతే మధ్యాహ్నానికి నోట్లో పెట్టుకోలేం. తెలిసిన చేయి ఏం చేస్తుందంటే, మెత్తగా వండిన అన్నంలో కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు పోసి, చెంచెడు పెరుగు మాత్రం తోడు వేస్తుంది. దారిపొడవునా ఎండే దాన్ని తోడుపెడుతుంది. చెట్టు కింద మూత తీసే వేళకు అది కమ్మటి పెరుగన్నం. దీనికి పక్కన మామిడికాయ తొక్కు, పిల్లల కోసం సర్వపిండి ముక్కలు నాలుగు. పండ్లు కోయకుండా తీసుకుపోవాలి. జగిత్యాల పక్కన చల్‌గల్ మార్కెట్ మామిడితో నిండే కాలమిది, పండుకు తొక్కే డబ్బా. కొబ్బరి పచ్చడి, ఆలుగడ్డ కూర, ముందురోజు వండిన మాంసం ఈ ఎండలో మూట కట్టదగినవి కావు. వేములవాడలో మొక్కు తీర్చుకొని మాంసం వండుకునేవాళ్లు అక్కడికక్కడ పొయ్యి పెట్టి, వండినవెంటనే తినేస్తారు. అది సరైన పద్ధతి.

నీళ్ల సంగతికొస్తే, మనిషికి రెండు లీటర్లకు తగ్గకూడదు. సీసాకు తడిబట్ట చుట్టి గాలి తగిలేచోట పెడితే, ఆ తడి ఆరుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. ఇంట్లో రంజన్ పనిచేసే సూత్రం ఇదే. సంచిలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉండాలి. అది లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో సమంగా గీసి కొలిచిన ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే అక్కరకొస్తుంది. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం కాబట్టి కంటి అంచనా పనికిరాదు.

వెనక వదిలిపోయే ఇల్లు కూడా ఏర్పాటు కోరుతుంది. నల్లా వచ్చే రోజున పోతే నీళ్లు పట్టేదెవరు? మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయే పెద్దమనిషికి పగటి మాత్ర, ముంతలో మజ్జిగ ఎవరందిస్తారు? పక్కింటి వాళ్లకు తాళంచెవి, ఫోన్ నంబరు ఇవ్వడం, కోళ్లకూ పిట్టలకూ నీడలో నీళ్లు పెట్టడం, సిలిండర్ కట్టేయడం అన్నీ బస్సుకు ముందరి అరగంటలోనే జరగాలి.

ఇంత తతంగం దేనికి, హోటళ్లు లేవా అని అడిగేవాళ్లుంటారు. సగం నిజమే. పొద్దటి టిఫిన్ విషయంలో నేను వాళ్ల పక్షమే. కళ్లముందు ఆవిరి మీద దిగిన ఇడ్లీ, ఇంట్లో నాలుగింటికి లేచి చేసి డబ్బాలో పెట్టిన ఇడ్లీ కన్నా క్షేమం, ఆమెకు గంట నిద్ర కూడా మిగులుతుంది. కానీ మధ్యాహ్న భోజనం ఆరుగురికి బయట తినాలంటే ఎన్ని వేల బీడీల కూలి కావాలో చూసుకోవాలి. పండుగ రద్దీలో హోటల్ పాత్రలో ఉన్నది ఎప్పుడు వండిందో మనకు తెలియదు. అందుకని పొద్దున కొనుక్కోవాలి, పగటికి రెండు రకాలే కట్టుకోవాలి. ఐదారు రకాలు చేస్తేనే మర్యాద అన్న పట్టింపును ఆడవాళ్లే ముందు వదలాలని నా మనవి. పాత సద్దిలోనూ ఉన్నది రెండు రకాలే.

ప్రేమతో చేసే పనికి లెక్కలేమిటి అనేది ఇంకో మాట. అది చిన్న మాట కాదు. పిల్లలకు ఇష్టమైనది కట్టుకుపోవాలన్న తపనలో నిజమైన సంతోషం ఉంది. కాని రాత్రి పదకొండు దాకా నిలబడి, తెల్లారి నాలుగింటికి మళ్లీ నిలబడిన మనిషి గోదావరి గట్టున కూర్చుని కళ్లు మూతలు పడుతుంటే, ఆ ప్రేమ వల్ల ఆమె చూడగలిగింది ఎంత? పిల్లలు నీళ్లలో ఆడేచోట చూపు తిప్పకుండా ఉండాల్సిన మనిషి కూడా ఆమేనంటే అది ప్రాణాల మీదికి తెచ్చే అలసట. 2021 నవంబర్‌లో సిరిసిల్ల మానేరు చెక్‌డ్యాం దగ్గర ఆరుగురు విద్యార్థులు మునిగిపోయారు. ఊరి పక్కనున్న, రోజూ చూసే నీరే అది. నీటి దగ్గర కాపలా వేరే ఏ పనీ పెట్టుకోని ఒక పెద్దమనిషికి ఇవ్వాల్సిన పని.

రోజును ఎంచుకోవడమూ సిద్ధపడటంలో భాగమే. కొండగట్టుకు మంగళవారం, శనివారం జనం విరగబడతారు. హనుమాన్ జయంతులు రెండూ, చైత్ర పౌర్ణమికి వచ్చే చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి వచ్చే పెద్ద జయంతి, ఎండకాలంలోనే పడతాయి. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం నాడు వందమంది దాకా కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు ఆ గుట్ట దిగుతూ లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ గాయం కొడిమ్యాల పల్లెల్లో ఇంకా మానలేదు. పసిపిల్లలతో, ముసలివాళ్లతో పోయే ఇల్లు బుధ, గురువారాల్లో పోతే దేవుడు ఏమీ అనుకోడు. నిండిన బస్సు వస్తే వదిలేసి ఇంకోదాని కోసం ఆగే ఓపిక కూడా ఇంటి దగ్గరి నుంచే మూటలో కట్టుకొని పోవాలి.

మగవాళ్లు ఊళ్లో ఉంటే కదా పంచుకునేది, సగం మంది గల్ఫ్‌లో ఉన్నారు అంటారు. జగిత్యాల, కోరుట్ల ఇళ్లకు ఇది కాదనలేని కష్టం. అయితే ఆయన సెలవు మీద వచ్చే నెలా రెండు నెలల్లోనే ఈ ప్రయాణాలు ఎక్కువగా పడతాయి. అప్పుడాయన చుట్టంలా కూర్చోవడం అలవాటైపోయింది. దుబాయిలోనో మస్కట్‌లోనో ఒకే గదిలో ఆరేడుగురు కలిసి ఉండేవాళ్లు వంతులు వేసుకొని వండుకుంటారు. ఆయనకు అన్నం వార్చడం, పప్పు తాలింపు పెట్టడం వచ్చు. అక్కడ పదిమందికి వండిన చేతులు ఇంటికొచ్చేసరికి పనికిరాకుండా పోవు.

పంచుకోవడమంటే సాయం చేయడమని అనుకుంటేనే చిక్కు. “సీసాలు ఎక్కడున్నయమ్మా?” అని అడిగే పిల్లవాడు సాయం చేస్తున్నాడు గానీ, గుర్తుపెట్టుకునే పని ఇంకా తల్లి మీదే ఉంది. అసలు బరువు ఆ గుర్తుపెట్టుకోవడంలోనే ఉంటుంది. నీళ్లు పద్నాలుగేళ్ల కొడుకువి అనుకుంటే, ఎన్ని సీసాలు కావాలో లెక్క, ముందురోజు కడగడం, బట్ట చుట్టడం, బస్టాండులో మళ్లీ నింపుకోవడం, తిరిగొచ్చాక బోర్లించడం అన్నీ వాడివే. మందులు, తువ్వాళ్లు, చిన్నపిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ కూతురివి. నల్లా, తాళం, పెద్దాయన మజ్జిగ తండ్రివి. మరిచిపోతే మరిచినవాళ్లే జవాబు చెప్పుకోవాలి. మొదటిసారి ఏదో ఒకటి మరిచిపోతారు, అప్పుడు ఆమె ఎదురెళ్లి ఆ లోటు పూడ్చకుండా ఉండగలగాలి. వంటింటి తలుపు మీద ఒక కాగితం అంటించి, తిరిగొచ్చిన రోజే ఏది మిగిలింది, ఏది చాలలేదు అని రాసుకుంటే వచ్చే వేసవికి ఆ కాగితమే సగం పని చేస్తుంది.

తిరిగొచ్చిన సాయంత్రం గురించి ఎవరూ మాట్లాడరు. చెప్పులు విప్పి పిల్లలు ఫ్యాన్ కింద పడతారు. సంచిలో నూనె జిడ్డు పట్టిన డబ్బాలు, ఇసుక అంటిన తడి బట్టలు, సగం తాగిన సీసాలు ఉంటాయి. అప్పటికి చీకటి పడుతుంది. రేపటి బీడీలకు తునికాకు ఈ రాత్రే నీళ్లలో తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టాలి, లేకుంటే పొద్దునకు ఆకు కత్తెరకు పెళుసై విరుగుతుంది. ఆమె ఆకు తడుపుతున్నంతసేపట్లో ఆ డబ్బాలు ఇంకెవరైనా తోమేస్తే చాలు.