స్థూలకాయమును గూర్చిన బాంటింగు లేఖ

దేహమును తగ్గించుకొను ఉపాయములను బోధించు గ్రంథములకు నేడు కొదువ లేదు. ఏది తినవలెనో, ఏది మానవలెనో, ఎన్ని దినములలో ఎంత తూకము తగ్గునో అవి పట్టికలు వేసి చెప్పును. కాని స్థూలకాయుడు నలుగురి నడుమకు వచ్చినపుడు అతని మనస్సేమగునో చెప్పు గ్రంథములు అరుదు. ఈ రెండు పనులను ఒక్కచోట చేసిన చిన్నపుస్తకము ఒకటి కలదు. అది ఈ తరగతి గ్రంథములకెల్ల పెద్ద. విలియం బాంటింగు అను లండను నగరవాసి 1863లో దానిని ప్రజలకు వ్రాసిన బహిరంగలేఖగా ప్రకటించెను. ఆ లేఖయందలి గుణములును దోషములును నేటికిని మన యిండ్లలో సజీవములై యున్నవి గనుక, దానిని పరిశీలించుట నిష్ప్రయోజనము కాదని తలంచుచున్నాము.

బాంటింగు వైద్యుడు కాడు, శాస్త్రజ్ఞుడు కాడు, రచయితయు కాడు. శవసంస్కారముల ఏర్పాట్లు చేయు వృత్తిలో పేరెన్నికగన్న కుటుంబమువాడు. రాజకుటుంబమువారి అంత్యక్రియలను, 1852లో వెల్లింగ్టన్ ప్రభువు అంత్యక్రియలను నిర్వహించినది ఆ కుటుంబపు సంస్థయే. లేఖ వ్రాయునాటికి ఆయన వయస్సు 66 ఏండ్లు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళములు. 1862 ఆగస్టులో ఆయన తూకము 202 పౌనులు, అనగా ఇంచుమించు 92 కిలోలు. తాను తిండిపోతును కానని, సోమరిని కానని, పని మానుకొని కూర్చుండినవాడను కానని ఆయన మొదటనే చెప్పుకొనెను. ఈ మాట చెప్పుకొనవలసి వచ్చుటయే గమనింపదగినది. జ్వరము వచ్చినవాడు తన నడవడిని గూర్చి సంజాయిషీ చెప్పుకొనడు. లావైనవాడు మాత్రము చెప్పుకొనవలెను.

ఈ లేఖలో మిక్కిలి శ్లాఘనీయమైన భాగము పథ్యమును గూర్చినది కాదు, బాధను గూర్చినది. తాను వంగి జోళ్ల దారములు కట్టుకొనలేకుంటినని, మోకాళ్లమీదను చీలమండలమీదను భారము పడకుండ మెట్లను వెనుకకు తిరిగి మెల్లమెల్లగా దిగుచుంటినని ఆయన దాపరికము లేక వ్రాసెను. అంతకంటె కష్టమైన మాటనుకూడ వ్రాసెను. సభలలోను, బండ్లలోను, వీథులలోను జనులు చూచి నవ్వుదురని, వినబడునట్లు మాటలాడుదురని, అందుచేత స్థూలకాయుడు అట్టి చోట్లకు పోవుట మానుకొనునని చెప్పెను. రాజుల అంత్యక్రియలకు ఏర్పాట్లు చేసిన గృహస్థుడు, కీర్తియు ధనమును గలవాడు, నలుగురు నవ్వుదురను భయముచే ఇంట కూర్చుండెనన్నచో, కీర్తిగాని ధనముగాని లేని కోడలి గతి యేమి? పదునాలుగేండ్ల బాలిక గతి యేమి? ఈ ప్రశ్నను బాంటింగు వేయలేదు. కాని చదువరి వేసికొనునట్లు చేయు సత్యసంధత ఆ పుటలలో కలదు. అలంకారము లేని యా వాక్యములు నూటయరువది యేండ్లు దాటినను వాడలేదు.

ఆయన ప్రయత్నముల వృత్తాంతమును చదువదగినదే. తొలుత ప్రాతఃకాలమున థేమ్సు నదిలో పడవ నడపెను; కండబలము పెరిగెను, దానితోపాటు ఆకలియు పెరిగెను, తూకమును పెరిగెను. ఔషధజలములు గల ఊళ్లకు పోయి ఆ నీరు త్రాగెను. ఆవిరిస్నానములు చేసెను. మందులు మ్రింగెను. తుదకు చెవులు సరిగా వినబడనందున విలియం హార్వీ అను కర్ణవైద్యునియొద్దకు పోగా, ఆతడు రోగమునకు మూలము చెవిలో లేదు, దేహమున పేరుకొన్న క్రొవ్వులో ఉన్నదని నిర్ణయించి పథ్యము విధించెను. రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంపలు మానవలెను. మాంసము, చేపలు, కాయగూరలు, పండ్లు ఔన్సుల లెక్కను తినవలెను. ద్రాక్షసారాయమునకు మాత్రము అడ్డు లేదు! ఏడాది గడచి కొన్ని వారములగునప్పటికి 46 పౌనులు, అనగా ఇంచుమించు 21 కిలోలు తగ్గెను. నడుము చుట్టుకొలత 12 అంగుళములకు పైగా తగ్గెను. లెక్క చూచినచో వారమునకు ఒక పౌనైనను కాదు. పది దినములలో దేహమును మార్చెదమను నేటి ప్రకటనల ప్రక్క ఈ నిదానము ఎంత గౌరవపాత్రముగా కనబడుచున్నది!

లేఖ మొదటి ముద్రణమును ఆయన ఉచితముగా పంచిపెట్టెను. పిమ్మట అది విశేషముగా వ్యాపించి, ఇంగ్లీషులో ఆయన పేరే పథ్యము చేయుటకు క్రియాపదమయ్యెను. స్వీడను దేశభాషలో నేటికిని ‘బాంట’ యనగా బరువు తగ్గుటకై పథ్యము చేయుట. ఇంతటి వ్యాప్తి పొందిన గ్రంథము యొక్క దోషములుకూడ అంతటి వ్యాప్తిని పొందును. అట్టివి రెండు.

మొదటి దోషము, ఒకని అనుభవమును లోకమున కెల్ల విధిగా భావించుట. తనకు మేలు చేసినది రొట్టెను, పంచదారను మానుటయే గనుక, అందరికిని శత్రువులు అవియే యని బాంటింగు నమ్మెను. కాని ఆయన మానినది పదార్థము మాత్రమే కాదు. బీరు పోయినది, తీపి పోయినది, తూచి తినుట అలవాటైనది, వేళ ఏర్పడినది. వీనిలో దేనివలన ఎంత మేలు కలిగెనో ఆయన ఎరుగడు. ఈ వివాదమును తీర్చుటకై అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 609 మందిని రెండు పక్షములుగా చేసి, ఒక పక్షమువారికి క్రొవ్వును, ఇంకొక పక్షమువారికి పిండిపదార్థములను తగ్గించి ఏడాది పరిశీలించిరి. 2018లో వెలువడిన ఫలితమునుబట్టి మొదటివారు సగటున 5.3 కిలోలును, రెండవవారు 6 కిలోలును తగ్గిరి. ఆ భేదము లెక్కింపదగినది కాదని తేలినది. ఒక్కొక్క పక్షములోనే మనిషికిని మనిషికిని నడుమ వ్యత్యాసము అంతకంటె ఎన్నో రెట్లుండెను. కావున పథ్యము పేరు ముఖ్యము కాదు. అది ఆ మనిషి యింటిలో, ఆ మనిషి పనిలో, ఏండ్ల తరబడి నిలుచునా యనునదియే ముఖ్యము. బాంటింగు పథ్యము ఆయనకు నిలిచినది. కోరినది కొనగల ధనము, వండిపెట్టు సేవకులు, లండనులోని మాంసవిపణి ఆయనకుండెను.

ఈ దోషము మన ప్రాంతమునకును ప్రాకినది. 2017, 2018 సంవత్సరములలో అన్నమును బొత్తిగా విడిచి కొబ్బరినూనె, మాంసము, గ్రుడ్లతో గడుపు పథ్యమొకటి తెలుగునాట సభలలో ప్రచారమయ్యెను. అన్నము ఒక్కసారిగా దోషి యయ్యెను. మన భోజనములో లోపము లేదనుట కాదు. కంచము నిండ అన్నము, అంచున రెండు ముద్దలకు చాలని కూర అనునది మనలో పెక్కుమంది భోజనమని యొప్పుకొనవలసినదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహారసూత్రములు ధాన్యములవలన వచ్చు శక్తి నూటికి 45 పాళ్లకు మించరాదని చెప్పుచున్నవి. అది అన్నమును వెలివేయుట కాదు. కూరకును, పప్పునకును, పెరుగునకును దాని ప్రక్కన తగిన చోటిచ్చుట. ఇట్టి మార్పును ఇల్లంతయు కలిసి చేయవచ్చును. ఒక్క కోడలికి వేరుకంచము పెట్టి, మిగిలినవారు ఆమె యెదుట గారెలు తినుట పథ్యము కాదు, శిక్ష.

రెండవ దోషము ఇంతకంటె గంభీరమైనది. బాంటింగు తన్ను చూచి నవ్వినవారి తీర్పును తానును అంగీకరించెను. స్థూలత్వమును మనుష్యుని పట్టి పీడించు పరాన్నజీవితో పోల్చుచు ఆయన లేఖ ప్రారంభించెను. నవ్వు తప్పా, దేహము తప్పా యను ప్రశ్న వచ్చినపుడు, దేహమే తప్పని నిర్ణయించి, దానిని తగ్గించి, నవ్వును తప్పించుకొనెను.  స్థూలత్వము మోకాళ్లను, గుండెను బాధించుననుట, మధుమేహమునకు త్రోవ తీయుననుట సత్యమే. దానిని తగ్గించుకొన దలచుట యుక్తమే. కాని దేహమును ద్వేషించుట వేరు, దానికి మేలు చేయుట వేరు. ద్వేషము మందుగా పనిచేయునని నమ్మువారు మనలో గలరు. ‘నాలుగు మాటలన్నచో సిగ్గుపడి తగ్గును’ అని తల్లులు, మేనత్తలు, పొరుగువారు తలంతురు. అమెరికాలో ఆరువేలమందికి పైగా పరీక్షించి 2013లో ప్రకటించిన పరిశోధనలో, బరువును బట్టి అవమానము పొందితిమని చెప్పినవారు నాలుగేండ్లలో స్థూలకాయులగుట ఇతరులకంటె రెండున్నర రెట్లు ఎక్కువగా కనబడెను. సిగ్గు తగ్గింపలేదు, పెంచెనని అనుమానింపవలసి యున్నది.

తగ్గి మరల పెరిగినవారిని సంకల్పహీనులనుటయు న్యాయము కాదు. అమెరికాలో బరువు తగ్గుటను పోటీగా పెట్టి టెలివిజనులో చూపిన కార్యక్రమమున పాల్గొన్న 14 మందిని ఆరేండ్ల పిమ్మట పరీక్షించి, 2016లో ఫలితములు వెల్లడించిరి. వారు సగటున 58 కిలోలు తగ్గి, మరల 41 కిలోలు పెరిగియుండిరి. విశ్రాంతిలో వారి దేహములు దినమునకు వ్యయపరచు శక్తి, వారి పరిమాణమునకు ఉండవలసినదానికంటె సుమారు 500 కేలరీలు తక్కువగా నుండెను. క్షామమునకు వెఱచినట్లు దేహము తన నిల్వలను కాపాడుకొనును. దీనిని ఎరుగక ‘నోరు కట్టుకొనలేకపోయినది’ అని ఆడుబిడ్డను ఆడిపోసికొనుట అజ్ఞానము.

మన సాహిత్యమును, ఆచారమును ఇందు నిరపరాధులు కావు. నాయికకు నడుము కలదో లేదో యని సందేహించుట మన ప్రబంధకవులకు పరిపాటి. అది అతిశయోక్తియని పండితులెరుగుదురు. పెండ్లిచూపులకు వచ్చినవారు మాత్రము ఎరుగనట్లు ప్రవర్తింతురు. చాపమీద కూర్చున్న పిల్ల చదువును, నేర్పును అడుగకముందే కన్నులతో తూకము వేయుదురు. ఏడాదికొకసారి పండుగకు కలిసిన చుట్టము కుశలప్రశ్నకు ముందు ‘ఒళ్లు చేసితివే’ యనును. అదే నోట ఆమె చెల్లెలిని ‘చీపురుపుల్లవలె ఉన్నావేమి’ యనును. ఆ యిద్దరు బాలికలును ఆ రాత్రి అద్దము ముందు నిలువబడి అనుభవించు వేదన ఒక్కటియే.

ఇక, బాంటింగు లేఖలోనే ఆయన ఎరుగక వ్రాసిన గొప్ప పాఠమొకటి కలదు. తగ్గిన పిమ్మట ఆయన తూకము 156 పౌనులు. తూకమును ఎత్తు వర్గముచే భాగించు కొలతను బెల్జియము గణితజ్ఞుడు కెతెలే 1830ల నాడే సూచించెను. నేడు వైద్యులు దానినే బి. ఎం. ఐ. యని వాడుచున్నారు. ఆ లెక్కను బాంటింగు సూచిక 34నుండి 26కు దిగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 దాటినవారిని అధికబరువు గలవారనుచున్నది. అనగా నేటి పట్టికయందు ఆయన విజయము పొందిన నాడును అధికబరువు గలవాడే! అయినను ఆయన సంతుష్టుడయ్యెను. మెట్లు ముందుకు దిగగలిగెను, వంగి జోళ్లు కట్టుకొనగలిగెను, వినికిడి మెరుగయ్యెను. 1878లో చనిపోవునాటికి 81 ఏండ్లు జీవించెను. ఆయన పట్టికను చూచి తృప్తి పడలేదు, మోకాలిని చూచి తృప్తి పడెను.

ఇది ఒక్కని భాగ్యము మాత్రమే కాదని చెన్నపట్టణమున జరిగిన పరిశోధన చూపుచున్నది. మధుమేహమునకు చేరువలో నున్న 531 మందిపై జరిపిన యా పరిశోధన 2006లో ప్రకటింపబడెను. నడకను, భోజనక్రమమును సరిదిద్దుకొన్నవారిలో మధుమేహము వచ్చుట నూటికి 28.5 పాళ్లు తగ్గెను. కాని వారి తూకము చెప్పుకొనదగినంత మారలేదు! తక్కెడ ముల్లు కదలలేదని నిరాశపడి నడక మానివేయు గృహిణులు ఈ సంగతిని గోడమీద వ్రాసికొనదగును. మేలు లోపల జరుగుచుండును. అద్దమునకు అది కనబడదు.

ఇందువలన మన తీర్పు ఇట్లున్నది. బాంటింగు లేఖలోని భోజనపట్టికను చరిత్రగా చదువవలెను, అనుసరింపరాదు. స్థూలత్వమును గూర్చి ఆయన వాడిన నిందావాక్యములను విడువవలెను. మెట్లను, జోళ్లదారములను, వీథిలోని నవ్వులను గూర్చిన పుటలను మాత్రము ప్రతి కుటుంబమును చదువవలెను. లావైనవారు తాము ఒంటరులము కామని తెలిసికొనుటకును, తక్కినవారు తమ నాలుకలు చేయుచున్న పని ఎట్టిదో తెలిసికొనుటకును. దేహమును మార్చుకొన నెంచు సోదరి ‘ఎంత తగ్గితిని’ అని కాక, ‘నిన్నటికంటె ఎన్ని మెట్లు ఆయాసము లేక ఎక్కితిని’ అని తన్ను తాను ప్రశ్నించుకొనుగాక. ఆమె యింటివారు ఆమెను ఏమియు ప్రశ్నింపక, సాయంకాలము ఆమెతో కూడ నాలుగడుగులు నడచి, తమ కంచములలోను కూర కొంచెము పెంచుకొందురుగాక. బాంటింగు కాలమున లండనులో ఎవరును ఆయనకు చేయని యుపకారము అదియే.