తెల్ల చొక్కాకు నూలే ప్రాణం

పాతకాలపు టెన్నిస్ సోకు మళ్ళీ బజారులోకి వచ్చింది. టెన్నిస్ వీరుడు బోర్గ్ తొడిగిన సన్నగీతల చొక్కా, నుదుటి పట్టీ, లకోస్ట్ కంపెనీ మొసలి బొమ్మ రాకెట్ పట్టని కుర్రకారు ఒంటిమీద కూడా కనిపిస్తున్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అయితే ఆ చొక్కాల్లో చాలావాటిని తిరగేసి చూస్తే పాలిస్టరు. గీత వచ్చింది, రంగు వచ్చింది, అసలుది రాలేదు. ఆ అసలుది నూలు. దాని సంగతి చెప్పుకోవడానికి తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ సీమ కంటే తగిన చోటు నాకు తోచదు.

1920ల దాకా టెన్నిస్ ఆటగాళ్ళు పొడుగు చేతుల నేత చొక్కా, ఫ్లానెల్ ప్యాంటు వేసుకుని, చేతులు పైకి మడిచి ఆడేవారు. చెమట పడితే చొక్కా వీపుకు అతుక్కునేది. ఫ్రెంచి ఛాంపియన్ రెనే లకోస్ట్ 1926లో అమెరికా ఛాంపియన్‌షిప్‌కు పొట్టి చేతుల తెల్ల అల్లిక చొక్కాతో దిగి, టైటిల్ గెలిచాడు. 1933లో ఆంద్రే జిలియేతో కలిసి దాన్ని అమ్మకానికి పెట్టాడు. ఆ చొక్కాలో ప్రతిదానికీ ఆటతో పని ఉంది. మెత్తని కాలరు ఎండవేళ పైకి లేపుకుంటే మెడ కాలదు. వెనక అంచు ముందుకన్నా పొడుగు, సర్వీసుకు చెయ్యెత్తినా ప్యాంటులోంచి ఊడిరాదు.

బట్ట పేరు పికే. మామూలు బనియన్ బట్టలో సూది కొత్త నూలును పాత ఉచ్చులోంచి లాగి, పాతదాన్ని వదిలేస్తుంది. పికేలో కొన్నిచోట్ల పాతదాన్ని వదలకుండానే కొత్త నూలునూ పట్టుకుని, ఆ తర్వాతి వరసలో రెంటినీ కలిపి అల్లేస్తుంది. దాంతో బట్ట మీద తేనెపట్టు గదుల్లాంటి చిన్నచిన్న గుంటలు ఏర్పడతాయి. బట్ట ఒంటిని అంతటా అంటుకోదు, మధ్యన గాలి ఆడుతుంది.

ఈ అల్లిక నాసిరకం నూలును దాచిపెట్టదు. పొట్టి పీచు ఎక్కువైతే చొక్కా మీద ఉండలు కడతాయి. అందుకే ఏకిన దూదిని కూంబింగ్ యంత్రంలో మళ్ళీ దువ్వి, పొట్టి పీచును తీసేసి, పొడుగు పీచును వరస చేస్తారు. పురి పెట్టడం దగ్గరే మిల్లువాళ్ళ పనితనం తెలుస్తుంది. నేత నూలుకన్నా అల్లిక నూలుకు పురి తక్కువ ఉండాలి. ఎక్కువైతే ఉతికాక చొక్కా ఒకపక్కకు మెలి తిరుగుతుంది.

కోవిల్‌పట్టి నల్లరేగడిలో వానను నమ్ముకుని పండే నాటు పత్తి కరుంగణ్ణి. 1901లో మొదలైన అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం నాటు పత్తిలో మేలైన రకాలు తెచ్చింది. కరువుకు ఓర్చే పంట అది, కానీ పీచు పొట్టి. సన్న నూలుకు పొడుగు పీచు కావాలి. 1974లో కోయంబత్తూరులో పుట్టిన సువిన్ అలాంటిది. సుజాత రకాన్ని, సెయింట్ విన్సెంట్ సీ ఐలాండ్ పత్తిని కలిపి దాన్ని తీశారు.

ఈ నేల తెలుగువాళ్ళకు కొత్త కాదు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్, దక్షిణానికి వలసవచ్చిన తెలుగువాళ్ళ కథను నవలలుగా రాసి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. విరుదునగర్ జిల్లా రాజపాళయంలో తెలుగు రాజుల కుటుంబానికి చెందిన పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించారు. చేను నుంచి నూలు దాకా నడిచిన ఆ దారిలో మనవాళ్ళ చెమట ఉందని చెప్పుకోవడం నాకు గర్వం.

ఛాంపియన్ కోసం కూడా ఆ సీమ దూరం వెళ్ళక్కర్లేదు. తెన్‌కాశి కుటుంబానికి చెందిన రామనాథన్ కృష్ణన్ 1954లో వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచిన తొలి ఆసియావాసి. 1960, 61లలో అక్కడే సెమీఫైనల్ ఆడారు. బంతిని బాదడం కన్నా, నేర్పుగా కోణాల్లోకి పంపడం ఆయన ఆట. ఆయన తెల్ల దుస్తుల్లోనూ అదే నెమ్మది, ఏ హంగూ లేదు. పాతకాలపు సోకు కావాలనుకునే మన కంపెనీలు బోర్గ్ గీతలనే ఎందుకు అనుకరించాలి? సువిన్ పత్తి తెచ్చి, రాజపాళయంలో వడికించి, తిరుప్పూరులో పికే అల్లించి కృష్ణన్ తరహా తెల్ల చొక్కా కుట్టించవచ్చు. అలాంటిది అంగట్లోకి వస్తే ముందు వరసలో నిలబడి కొనుక్కుంటాను.